తుంగ నాటిన పిల్ల

చోడవరంలో అనకాపల్లి రోడ్డున ఎరువుల కొట్టు మీద ఉన్న మేడగదికి దేవిశ్రీ బోర్డు కట్టించిన మొదటి వారంలోనే పదకొండు మంది వచ్చారు. పదకొండు మందీ చంకలో పట్టాదారు పాసుపుస్తకాలు పెట్టుకునే వచ్చారు. బోర్డు మీద 'దేవిశ్రీ, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్' అని ఉంది. ఆ రోడ్డున పోయేవాళ్ళకి అందులో 'ల్యాండ్' ఒక్కటే అర్థమైంది. సర్వేలో తన భూమి తగ్గిందని ఒకరు, పక్కవాడు గట్టు జరిపేశాడని ఇంకొకరు మెట్లెక్కి వచ్చారు. కె.కోటపాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం రెండో ముక్క కూడా కూడబలుక్కుని మరీ వచ్చాడు.

"ల్యాండు ఎస్కేపు అంటే రోడ్డు ఎడల్పులోకి భూమి పోకుండా తప్పిస్తారు కదమ్మా? నాది పన్నెండు సెంట్లు పోతన్నాది. ఎలాగోలాగ ఎస్కేపు సేసీ తల్లీ" అని కుర్చీలో కూలబడ్డాడు.

ఆయనకి టీ తెప్పించి, తన పని అది కాదని నచ్చజెప్పేసరికి దేవిశ్రీకి గంట పట్టింది. "మరి నీ పనేటి?" అని ఆయన అడిగినదానికి మాత్రం ఆ గంటలో జవాబు తేలలేదు. ఆయన మర్యాదస్తుడు, రెట్టించకుండా టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆమె పనికి ఇంట్లోనే పేరు కుదరలేదు, ఇక ఊరిని ఏం అనుకుంటాం? నాయనమ్మ అచ్చియ్యమ్మ వీధి అరుగు మీద కూర్చుని మనవరాలిని మొక్కల డాక్టరని చెప్పేది. తండ్రి పరదేశి కొంచెం లెక్కప్రకారం మాట్లాడే మనిషి. "ఇల్లు కట్టీ ఇంజినీరే మాది. కాపోతే ఇంటికి బయట సేస్తాది" అనేవాడు. విన్నవాళ్ళు బయట అంటే దుబాయా అని అడిగేవారు. దేవిశ్రీకి మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత అలవాటైపోయింది.

పరదేశిది చోడవరానికి ఆరు కిలోమీటర్ల దూరంలోని పల్లె. రెండున్నర ఎకరాల చెరుకు, ఎకరం వరి. చేలో కలుపు మొక్క కనబడితే పెళ్ళికి పోతున్నవాడైనా పంచె ఎగ్గట్టి దిగిపోయే రకం. ఒక్కగానొక్క కూతురు బొమ్మలు బాగా వేస్తుందనీ, లెక్కలు కూడా బాగానే చేస్తుందనీ బళ్ళో చెబితే, ఆ రెండూ కలిసిన చదువేదో ఉందట అని ఆర్కిటెక్చరుకి సంతకం పెట్టాడు. సివిల్ ఇంజినీరింగులో అదో రకం అనుకున్నాడు. ఐదేళ్ళు విశాఖపట్నంలో, ఆపైన రెండేళ్ళు బయట రాష్ట్రంలో చదివి, పిల్ల హైదరాబాదులో ఉద్యోగానికి కుదిరింది. అక్కడ మూడేళ్ళపాటు విల్లాల ముందు పచ్చగడ్డి పరచడం, ఓడలో దిగిన తాటిజాతి చెట్లని వరసగా నిలబెట్టడం ఆమె పని. ఆ చెట్లకి నీడ లేదు, కాయ లేదు, వాటి మీద పిట్ట వాలదు. ఫొటోలో మాత్రం బాగుంటాయి.

ఒక ఆగస్టులో సెలవు పెట్టి ఇంటికొచ్చినప్పుడు, తను చదివిన బడి ముందు నుంచి స్కూటీ మీద వెళ్తూ ఆగిపోయింది. ఆవరణ నిండా నీళ్ళు. పిల్లలు లాగులు పైకి మడుచుకుని, చెప్పులు చేతపట్టుకుని గదిలోకి పోతున్నారు. ఇరవై ఏళ్ళ కిందట తను పోయిందీ సరిగ్గా అలాగే. భూమిని ఎటు వంచితే నీళ్ళు ఎటు పోతాయో ఏడేళ్ళు చదివినదాన్ని, ఆ చదువు ఎక్కడో విల్లాల ముందు ఖర్చుపెడుతున్నానేమిటని ఆమెకి నిజంగా సిగ్గేసింది. మూడు నెలల్లో రాజీనామా ఇచ్చి వచ్చేసింది. హైదరాబాదులో పై అధికారి మంచివాడు. రెండేళ్ళు చూసుకోమన్నాడు. ఆ రెండేళ్ళూ నిండే నవంబరు ఒకటో తారీఖులోగా వస్తే సీటు ఉంటుందన్నాడు.

ఆ రెండేళ్ళూ ఎలా గడిచాయో చెప్పుకుంటే నవ్వొస్తుంది. ఒక హోటలాయన ప్లాస్టిక్ గడ్డీ, సిమెంటు జింకా పెట్టించమన్నాడు. ఒక లేఅవుటు కంపెనీవాళ్ళు చెట్లు అక్కర్లేదు, బ్రోచరు బొమ్మలో వేస్తే చాలన్నారు. ఒకావిడ తులసికోట ఏ మూల ఉండాలో చెప్పమని పిలిచి, చెప్పాక మళ్ళీ సిద్ధాంతి గారిని అడిగి మార్చుకుంది. దేవిశ్రీకి కావలసింది పెద్దదేమీ కాదు. చోడవరంలో తన చేత్తో చేసినది, ఇదీ నా పని అని వేలు పెట్టి చూపించగలిగేది ఒక్కటి కావాలి. అది కుదిరితే ఉంటుంది. కుదరకపోతే నవంబరు ఒకటికల్లా హైదరాబాదు బస్సెక్కుతుంది. అలాగని తండ్రికీ చెప్పింది, తనకీ చెప్పుకుంది.

ఆ ఒక్కటీ పెన్షనర్ల సంఘం రూపంలో వచ్చింది. వాళ్ళ హాలు వెనక నలభై సెంట్ల జాగా ఉంది. జూలైలో మునిగితే మళ్ళీ డిసెంబరుకే నేల కనబడేది. అందుకని పెద్దలందరూ పొద్దున్నే హాల్లోనే, కుర్చీల చుట్టూ ముప్పైరెండు రౌండ్లు నడిచేవారు. సంఘం అధ్యక్షుడు వేంకటరమణమూర్తి గారు రిటైరైన హెడ్మాస్టరు. తుమ్మినా మినిట్స్ పుస్తకంలో రాసుకునే మనిషి.

"అమ్మాయ్, నాకు నీ సబ్జెక్టు తెలీదు. మాకు కావలసింది మూడే మూడు. కాలికి తడి అంటకూడదు, కూర్చోడానికి బల్లలుండాలి, కంటికి పచ్చగా ఉండాలి. నువ్వు చెయ్యగలవా?" అన్నారు.

"చేస్తానండి" అంది దేవిశ్రీ. ఆ మాట ఆయన రాసుకున్నారు.

తర్వాత వచ్చిన పెద్ద వానకి ఆమె గొడుగేసుకుని ఆ జాగాలో రెండు గంటలు నిలబడింది. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఎటు పోదామని చూసి పోలేకపోతున్నాయి అని కాగితం మీద గీసుకుంది. హాలు కిటికీలోంచి చూసిన పెద్దలు ఈ పిల్లకి ఏమైనా కష్టమొచ్చిందేమోనని కుర్చీ పంపించారు. ఆ గీతల ప్రకారం, ఈశాన్యం మూల తాంబాళంలా లోతు తక్కువ పల్లం ఒకటి తవ్వించింది. ఆ మట్టితోనే చుట్టూ నడకదారిని మెరక చేయించింది. నీళ్ళన్నీ పల్లంలోకి దిగి, రెండు మూడు గంటల్లో నేలలోకి ఇంకిపోవాలి. ఆ పల్లంలో బతకాలంటే మునిగినా చావని, ఎండినా చావని మొక్క కావాలి. అలాంటివి నర్సరీల్లో దొరకవు, ఏటి గట్ల మీద వాటంతటవే ఉంటాయి. మూడు నెలలపాటు స్కూటీకి గోతాలు కట్టుకుని తిరిగి, తుంగ, రెల్లు, వట్టివేరు వేళ్ళతో సహా తెచ్చి నాటింది. అక్టోబరు మూడో వారానికి అవి ఊపిరి పోసుకుని నిలబడ్డాయి.

ఇంతలో మూర్తిగారు ఇంకో మేలు చేశారు. మూడు మండలాల బళ్ళ ఆవరణల పనులు చూసే ఇంజినీరు శివాజీ ఆయన శిష్యుడు. అతన్ని ఆదివారం వచ్చి చూడమన్నారు. అతని లెక్కలో వర్షాకాలం మునిగే బళ్ళు ఏడున్నాయి. నచ్చితే రావికమతం వైపు బడితో మొదలెడదామని ఫోనులో అన్నాడు. నవంబరు ఒకటికి ఇంకా ఆరు రోజులే ఉందనగా వచ్చే ఆదివారం అది.

శుక్రవారం పొద్దున్నే బల్లలు తేవడానికి దేవిశ్రీ విశాఖపట్నం వెళ్ళింది. అప్పుడే పరదేశికి గాలికి పడిపోకుండా చెరుకు గడలకి ఆకులతో జడలు చుట్టే పని తెమిలి, కాస్త తీరిక దొరికింది. కూతురి పని ఎలా ఉందో చూద్దామని మొదటిసారి ఆ జాగాలోకి అడుగుపెట్టాడు. పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి బల్లలతో ఆటోలో దిగిన దేవిశ్రీకి పల్లం అంతా బోడిగా కనబడింది. నారు పోయడానికి దుక్కి చేసిన మడిలాగ, నున్నగా, నల్లగా ఉంది. పరక లేదు. మోకాళ్ళ దాకా మట్టితో పరదేశి, ఆయన వెనక చీరలు ఎగ్గట్టుకుని ఎనిమిది మంది ఆడవాళ్ళు. అందరి మొహాల్లోనూ గొప్ప సంతోషం.

"సూసేవా అమ్మా!" అన్నాడు పరదేశి. "తుంగ పట్టీసింది మొత్తం. ఆ పెద్దోళ్ళకి తెలీదు, నీకు తీరుబాటు లేదు. ఆదివారం ఇంజినీరు బాబొచ్చి సూస్తే మన పరువేటవుతాది? అందుకే మన నూకరత్నం బేచ్‌ని ఆటోలో ఏసుకొచ్చేను. తొమ్మిదింటికి దిగేము. ఇప్పటికయింది. రేపు ఆ గొయ్యి కూడా సదును సేయించీస్తాను."

దేవిశ్రీ ఆటో కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

"నాన్నా, అది నేను నాటింది."

"ఏది?"

"తుంగ."

పరదేశి కూతురి వైపు, పల్లం వైపు, మళ్ళీ కూతురి వైపు చూశాడు. నలభై ఏళ్ళుగా ఆయన పీకిన తుంగ పోగేస్తే చోడవరం బస్టాండు నిండుతుంది. ఆయన తండ్రి పీకాడు, తాత పీకాడు. వాళ్ళ వంశంలో తుంగ నాటినవాళ్ళు ఎవరూ లేరు.

"తుంగ నాటేవా? కావాలనే?"

"కావాలనే నాన్నా. మూడు నెల్లు తిరిగి తెచ్చేను."

పరదేశి తాళ్ళు కూడా విప్పని కొత్త బల్ల మీద కూర్చుండిపోయాడు. దేవిశ్రీకి కోపం రాలేదంటే అబద్ధం. ఎందుకు ముట్టుకున్నావని అరిచేద్దామనిపించింది. కానీ ఆయన గోళ్ళ నిండా నల్లమట్టి ఉంది. మోకాలి నొప్పి మనిషి, పనివాళ్ళకి అప్పజెప్పి ఊరుకోకుండా తను కూడా వంగి పీకాడు. అరవడానికి నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. తండ్రి ముందు అలా ఏడ్చి ఆమెకి పదేళ్ళు దాటింది.

"ఏటయింది బావా, పాప ఏడుస్తంది?" అంటూ నూకరత్నం వచ్చింది. ఆ చుట్టుపక్కల నాట్లయినా కలుపులయినా ఆవిడ బేచ్‌దే పేరు. సంగతి విని మొదట పకపకా నవ్వింది. ఎవరూ తోడు నవ్వకపోయేసరికి ఆపి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"పీకినవన్నీ పారేసేరా పిన్నీ?" అంది దేవిశ్రీ.

"ఎక్కడ పారేసేము? ఆ గోడవార నీడన పోగేసేము. ఒక మోపు మాత్రం మా గేదెకి పంపించీసేను. అది తినీసుంటాది ఈపాటికి."

"మిగిలినవాటికి వేళ్ళు తెగిపోయుంటాయి కదా?"

నూకరత్నానికి ఆ మాట తగలకూడని చోట తగిలింది. "ఏరు తెగ్గొడితే అది కలుపు తీసినట్టేటి? మూడో నాటికి మళ్ళీ మొలిసీదు? ముప్పై ఏళ్ళ బట్టి పీకతన్నాను, నా సేతిలో ఏరు తెగదు. కావాలంటే సూసుకో."

దేవిశ్రీ వెళ్ళి పోగు కదిపి చూసింది. దుంపతో సహా, పీచు వేళ్ళతో సహా, మట్టి ముద్ద కూడా రాలకుండా ఉన్నాయి మొక్కలు. ఇంత శుభ్రంగా తను కూడా తవ్వి తేలేదు. అందరూ కలిసి వాటి మీద తడి గోతాలు కప్పి, నీళ్ళు చిలకరించారు. పరదేశి బకెట్లు మోశాడు.

శనివారం ఆరింటికి దేవిశ్రీ వచ్చేసరికి ఆటో అప్పటికే గేటు దగ్గరుంది. ముందురోజు ఇంటికెళ్ళేటప్పుడు పరదేశి ఎనిమిది గడపలూ తిరిగి, మళ్ళీ నాటడానికి రమ్మని అడిగాడట. దేవిశ్రీ తన డ్రాయింగు విప్పి బల్ల మీద పరిచింది. చుక్కలు, వలయాలు, రంగులు, పక్కన అంకెలు. తొమ్మిది తలలు దాని మీదికి వంగాయి.

"ఇక్కడ నీరు ఎక్కువసేపు ఆగుతాది పిన్నీ. అందుకని ఈ నీలం చోట తుంగ వస్తాది. ఈ ఆకుపచ్చ దగ్గర నీళ్ళు తొందరగా తగ్గుతాయి కాబట్టి..."

"పల్లంలో తుంగ, మెరకలో వట్టివేరు, మజ్జిన రెల్లు. అంతేనా?" అంది నూకరత్నం.

"అంతే."

"మరలా సెప్పొచ్చు కదా. ఈ బొమ్మంతా ఎందుకు?"

ఏడేళ్ళ చదువుని ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. దేవిశ్రీ డ్రాయింగు చుట్టేసి చంకలో పెట్టుకుంది.

చిక్కల్లా వరసల దగ్గర వచ్చింది. చేతికి నారు అందితే చాలు, ఆడవాళ్ళు వంగి వెనక్కి నడుస్తూ బారుగా నాటుకుపోతున్నారు. ఈ చివరినుంచి ఆ చివరికి తాడు పట్టినట్టు గీతలే. వరసలొద్దు పిన్నీ, గుంపులు గుంపులుగా నాటండి అంటే, వరస లేకపోతే సెయ్యి కదలదమ్మా అన్నారు. కాసేపు ఆలోచించి, దేవిశ్రీ పల్లం అంచుకి వెళ్ళి నిలబడింది. "అయితే వరసే పట్టండి. కాపోతే అటూ ఇటూ కాదు. ఈ అంచు ఎంట చుట్టూతా ఎనక్కి నడవండి" అంది. వాళ్ళు అలాగే నడిచారు. పల్లం ఎలా వంపు తిరిగితే వరస అలా వంపు తిరిగింది. ఒక చుట్టు లోపల ఇంకో చుట్టు, నీళ్ళు తగ్గుతూ వదిలిన గుర్తుల్లాగ తేలాయి. తన డ్రాయింగు కన్నా అదే బాగుందని దేవిశ్రీ పైకే ఒప్పుకుంది. పరదేశి పొద్దున్నుంచీ మొక్కలు అందిస్తూ, ప్రతి పిడికిలికీ "ఇదెక్కడమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి పని ముగిసింది. గేదె తిన్న వాటా దగ్గర కాస్త ఖాళీ మిగిలితే, అక్కడ చపటా రాయి ఒకటి వేయించింది దేవిశ్రీ. కూర్చోడానికి బాగుంటుంది. మూడింటికి మబ్బు పట్టి రెండు గంటలు కురిసింది.

ఆదివారం పొద్దున్న పెన్షనర్లు ముప్పై మందీ బూట్లేసుకుని వచ్చారు. నడకదారి పొడిగా ఉంది. పల్లంలో అడుగున కాస్త తడి మెరుస్తోంది, అంతే. మొక్కలు ఒకటీ అరా వాలినా చాలావరకు నిటారుగా ఉన్నాయి. వేంకటరమణమూర్తి గారు ఒక రౌండు వేసి, ఆగి, తన బూటు అడుగు ఎత్తి చూసుకున్నారు. తడి లేదు. ఆ సంగతి రాసుకుని రెండో రౌండుకి బయలుదేరారు.

శివాజీ తొమ్మిదింటికి వచ్చాడు. అందరూ చెప్పేది వింటూ చుట్టూ తిరిగాడు. తర్వాత పల్లం దగ్గర గొంతుక్కూర్చుని ఒక తుంగ పిలక మొదట్లో మట్టిని వేలితో కదిపి చూశాడు.

"మూడు నెలలైందన్నారు కదండీ? ఇవి నిన్న నాటినట్టున్నాయే" అన్నాడు.

మూర్తిగారు మినిట్స్ పుస్తకం పేజీలు వెనక్కి తిప్పసాగారు. దేవిశ్రీ కొన్ని చోట్ల మార్చాం సార్ అందామనుకుంది, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. తండ్రి పేరు మాత్రం బయటికి రాకూడదని గట్టిగా అనుకుంది. ఆమె నోరు తెరిచేలోగా గోడవారగా నిలబడ్డ పరదేశి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు.

"నేనే పీకించీసేను బాబూ" అన్నాడు. "శుక్రవారం. ఈ అమ్మ ఊళ్ళో లేదు. నలభై ఏళ్ళ బట్టి ఎగసాయం సేస్తన్నాను, నాకు తెలీని మొక్కేటుంటాది అనుకున్నాను. మా పిల్ల సదువు నా కంటికి కలుపులాగ అవుపించింది బాబూ."

పరదేశి తన తప్పుని తన చేలో కూడా ఒప్పుకున్న మనిషి కాడు. వాన ముందొచ్చినా, విత్తనం మొలవకపోయినా తప్పు ఎప్పుడూ ఇంకెవరిదో. ఆ మనిషి ఊరి పెద్దలందరి ముందు తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడితే దేవిశ్రీకి కళ్ళు నిండిపోయాయి. గబగబా వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. ఆయన చెయ్యి పట్టుకుంది.

శివాజీ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "మళ్ళీ నాటింది ఎవరు?"

"పీకినోళ్ళమే నాటేము బాబూ" అంది నూకరత్నం.

"ఎన్నాళ్ళు పట్టింది?"

"నాళ్ళేటి? మజ్జాన్నానికయిపోనాది. పల్లమూ మెరకా సూసుకుని ఎయ్యడవే కదా."

"నా పనుల్లో నాటినవే బతకవు. మీరు పీకి నాటినవి వానకి కూడా నిలబడ్డాయి" అని శివాజీ నవ్వేశాడు. దేవిశ్రీ వైపు తిరిగి, "మంగళవారం రావికమతం బడి దగ్గరికి రండి మేడమ్. వీళ్ళని కూడా తీసుకురండి. అక్కడ బాగుంటే మిగిలిన ఆరూ చూద్దాం" అన్నాడు.

మూర్తిగారు పెన్ను తెరిచి కళ్ళజోడు మీంచి చూశారు. "పరదేశీ, నువ్వన్న మాట మినిట్స్‌లో రాయమంటావా, వదిలెయ్యమంటావా?"

"రాసీండి బాబూ. నిజవే కదా" అన్నాడు పరదేశి.

ఆ మధ్యాహ్నం ఎరువుల కొట్టు మీది గదిలోంచి దేవిశ్రీ హైదరాబాదుకి ఫోను చేసింది. పై అధికారి సంతోషంగా పలకరించి, ఒకటో తారీఖు పొద్దున్నే దిగుతున్నావా అని అడిగాడు.

"రాలేను సార్. ఇక్కడ నాకు పనుంది" అంది.

ఆయన అభినందనలు చెప్పి పెట్టేశాడు. గదిలో ఎవరూ లేరు. పనుందన్న ఆ మాట చోడవరంలో పలికితే ఎలా ఉంటుందో సరిగ్గా విందామని, దేవిశ్రీ ఫోను బల్ల మీద పెట్టి ఇంకోసారి పైకే అంది.